మా బావ గొంతుకి నడిచిన గుర్రాలు

గుర్రమా? నీ కూతుర్ని గుర్రపుస్వారీ నేర్చుకోడానికి చేర్పించావా? భలే పని చేశావే తల్లీ! లేదులేవే, నవ్వడం లేదు, దగ్గొచ్చింది. ఏదీ, ఆ ప్యాంటు ఇలా ఇవ్వు. ఎవడమ్మా దీన్ని కుట్టిన మహానుభావుడు? లోపలివైపు ఇంత లావు కుట్టు పెట్టాడు, ఓ గంట జీను మీద కూర్చుంటే పిల్ల తొడలు దోక్కుపోవూ? స్వారీ ప్యాంటుకి కుట్టు బయటివైపుకి జరపాలి. నాకెలా తెలుసంటావేమిటి! ఆ రోజుల్లో లాయానికి వచ్చేవాళ్ళందరికీ ప్యాంట్లు కుట్టింది ఎవరనుకున్నావు? మీ తాతయ్య పాఠాలు చెప్పిన లాయం. అదే, మా బావ. నువ్వు పుట్టేనాటికే పోయాడు కదా, నీకు ఫోటోలో ఆ మీసాలే తెలుసు. మీసాలు చూసి మహావీరుడనుకుంటున్నావేమో, గోడ మీద బల్లి కనబడితే మంచమెక్కి మా అక్కని కేకేసేవాడు. నిజమే చెబుతున్నా, మీ నానమ్మ చీపురు పట్టుకుని వస్తే తప్ప దిగేవాడు కాదు. అంతెత్తు గుర్రం మీదికొస్తే భుజంతో పక్కకి తోసేసే మనిషి! నేను ఊరుకుంటానా, బామ్మర్దిని. కోటు గుడ్డ పీలిక కత్తిరించి, రెండు గుండీలు కళ్ళుగా కుట్టి, ఆయన చెప్పులో... సర్లే, ఇప్పుడదెందుకు. దేని గురించి అడిగావు? ఆ, పాఠాలు.

లాయం అంటే పెద్ద భవంతేమీ కాదు. రేకుల కప్పు, వరసగా గదులు, ఒక్కో సగం తలుపు మీంచి ఒక్కో మూతి. వెనక గడ్డి కొట్టం. ముందు చెక్క కంచె కట్టిన ఇసుక మైదానం, దాన్ని బరి అనేవాళ్ళు. పొద్దున పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్ళకి, సెలవు రోజున అందరికీ కలిపి పాఠం. ఆ కలిపే రోజు చూడాలమ్మా, సినిమా అక్కర్లేదు. ఓ గుర్రం మీద బ్యాంకు మేనేజరు, పక్క గుర్రం మీద పాలపళ్ళు ఊడిన పిల్ల, ఇద్దరికీ ఒకే తిట్లు. మేనేజరుగారు పాఠం అయ్యాక ఇంటికెళ్ళేటప్పుడు కూడా ఆ గట్టి టోపీ తీసేవాడు కాదు, దార్లో నలుగురూ చూడాలని. కూరగాయలు కూడా ఆ టోపీతోనే బేరమాడేవాడు. ఆ పిల్లకి ప్రశ్నల పాప అని పేరు పెట్టా. "గుర్రం నిలబడే ఎందుకు నిద్రపోతుంది? కాళ్ళు నొప్పెయ్యవా? నాడా కొడితే ఏడవదా? ఏడిస్తే ఎలా తెలుస్తుంది?" చెవిలో జోరీగే అనుకో. మేనేజరుగారికి ఇచ్చింది దొరసాని. తెల్లటి ఆడగుర్రం, పొడుగ్గా ఉండి, మనల్ని చూడగానే మొహం అటు తిప్పేసుకునేది. పాపకిచ్చింది పిడుగు. పేరు విని భయపడకు, అంత నెమ్మదైన జంతువుని నేను మళ్ళీ చూడలేదు. ఆ పేరు కూడా నేను పెట్టిందే.

అసలు సంగతి గొంతమ్మా. మా బావ మనిషి పొట్టి. గొంతు మాత్రం కొలతలు తప్పి వేరేవాడిది ఈయనకి తగిలించారు. బరి మధ్యలో నిలబడి "న...డవ్!" అన్నాడంటే గుర్రాలన్నీ ఒక్కసారిగా కదిలేవి. "జో...రూ!" అంటే పరుగందుకునేవి. "ఆ...గ్!" అంటే రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాయన కూడా బ్రేకు వేసి, ఎవరు పిలిచారా అని చుట్టూ చూసేవాడు. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పక్కింటావిడ గ్లాసు తెచ్చేది. ఆయన దగ్గర చేరిన కొన్నాళ్ళకే ప్రతివాడూ గుర్రం మీద ఠీవిగా తిరిగేసేవాడు. పగ్గాలు పట్టుకోవడం రాకపోయినా సరే, గుర్రం మాత్రం చక్కగా వెళ్ళేది. "అబ్బ, ఏం నేర్పుతున్నాడండీ!" అని తల్లిదండ్రులు మురిసిపోయేవాళ్ళు. నాకొక్కటే అంతు పట్టేది కాదు. బాగుచేయడానికి నా కొట్టుకొచ్చే ప్యాంట్లన్నీ వెనకవైపే అరిగేవి. మోకాలి లోపలివైపు చూస్తే కొత్త గుడ్డే. గుర్రాన్ని కాళ్ళతో పట్టుకుంటే కదా అక్కడ అరిగేది! "ఏం బావా, స్వారీ నేర్పుతున్నావా, సోఫాలో కూర్చోడం నేర్పుతున్నావా?" అని ఏడిపించేవాణ్ణి. "నోర్మూసుకుని కుట్టరా" అనేవాడు. ఆ మాట కూడా వీధి చివరిదాకా వినబడేది.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోవడం మొదలైంది. అరిచి అరిచి అలా అయిందిలే అనుకున్నాం. వేడినీళ్ళు పుక్కిలించాడు, తేనె నాకాడు, తగ్గలేదు. చివరికి డాక్టరు లైటు వేసి చూసి, లోపల కణితి ఉంది, తీసెయ్యాలి, మనిషికి ఢోకా లేదు కానీ గొంతుకి హామీ ఇవ్వలేను అన్నాడు. మా అక్క వెంటనే "మనిషిని ఇవ్వండి చాలు, ఆ గొంతుతో నేను పడింది చాలు" అంది. గట్టిదే మీ నానమ్మ. బయటికొచ్చాక మాత్రం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆపరేషన్ అయ్యాక నోరు తెరిస్తే గాలి వచ్చేదమ్మా, అంతే. ట్యూబులోంచి గాలి పోతున్నట్టు స్... అని. అదే ఆయన మాట.

లాయం ఒకావిడది. మేం అమ్మగారనేవాళ్ళం. చెడ్డదేం కాదు, పాపం ఆవిడ బాధ ఆవిడది. "మేష్టారూ, ఇక మీరు గుర్రాల తిండీ తిప్పలూ చూసుకోండి, పాఠాలు ఇంకెవరికైనా అప్పగిస్తాను" అంది. మా బావ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈయన మళ్ళీ ఊపాడు. పాఠాలు తీసేస్తే ఆయన దగ్గర ఇంకేముంది చెప్పు? పిల్లలు లేని రోజు కూడా ఆ బరిలో నిలబడి ఇసుక సర్దుకునే మనిషి. ఆవిడే కాస్త మెత్తబడి, "ఏటా తల్లిదండ్రుల్ని పిలిచి చూపిస్తాం కదా, ఆ రోజుదాకా మీరే చెప్పండి. ఆ రోజు క్లాసు సవ్యంగా నడిస్తే పాఠాలు మీవే. నడవకపోతే మాత్రం నా మాట వినాలి" అంది. ఈయన చెయ్యి ముందుకి చాపాడు, ఆవిడ చెయ్యి కలిపింది. అయిపోయింది.

మొదటి పాఠం రోజు నేను కుట్టిన ప్యాంట్లు ఇద్దామని వెళ్ళా. చూద్దును కదా, బరి మధ్యలో మా బావ రెండు చేతులూ ఎత్తి ట్రాఫిక్ పోలీసులా ఊపుతున్నాడు. గుర్రం ఒక్కటి కదిలితే ఒట్టు. మేకులు కొట్టి బిగించినట్టు నిలబడ్డాయి, చెవులన్నీ మా బావ వైపే. "ఏదీ, ఆ మాట అను, అంటే కదులుతాం" అన్నట్టు చూస్తున్నాయి. పైన ఉన్నవాళ్ళు కాళ్ళతో కొట్టడం, పగ్గాలు లాగడం, ఎగిరెగిరి కూర్చోవడం. మేనేజరుగారు చెమటలు కక్కి కక్కి, ఆఖరికి వంగి దొరసాని చెవిలో "కొంచెం ముందుకి జరగండమ్మా, వెనక లైను ఉంది" అని బతిమాలుతున్నాడు. నవ్వొచ్చింది, కాదనను. తర్వాత మా బావ మొహం చూశా. ఆయన నోరు తెరిచే ఉంది. మెడ నరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. లోపల్నుంచి ఏమీ రావడం లేదు. కంచె అవతల ఒక తండ్రి ఇంకొకాయనతో "వేరేచోట కనుక్కుందామా" అంటున్నాడు. 

నాకో పాడు విద్య ఉంది. ఎవరి గొంతైనా దింపేస్తా. మా బావ గొంతైతే మరీనూ, విందుల్లో అందరూ అడిగి మరీ అనిపించుకునేవాళ్ళు, ఆయన తప్ప అందరూ నవ్వేవాళ్ళు. ఆ రోజు మెల్లిగా వెళ్ళి గడ్డి కొట్టం వెనక నక్కి, పొట్ట నిండా గాలి పీల్చి, "న...డవ్!" అన్నా. అంతే! గుర్రాలన్నీ ఒక్క ఊపున కదిలాయి. మేనేజరుగారి టోపీ ముక్కు మీదికి జారింది. "జో...రూ!" అన్నా, పరుగు. "ఆ...గ్!" అన్నా, టక్కున ఆగాయి. కంచె అవతల చప్పట్లు. మా బావ మాత్రం ఎటు చూడాలో తెలీక ఒక చుట్టు చుట్టి, గడ్డి మోపు పక్కన నా బోడిగుండు చూసి, నవ్వు మొదలెట్టాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు కదులుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు. అమ్మగారు వచ్చి "బాబ్బాబు, రోజూ వచ్చి ఇక్కడే కూర్చో, కుర్చీ వేయిస్తాను" అంది. వేయించింది కూడా. పొద్దున కొట్టు ఆలస్యంగా తెరిచి, గడ్డిలో కూర్చుని, తుమ్ములు ఆపుకుంటూ పాఠం చెప్పేవాణ్ణి. గుర్రం ఎక్కడం నాకు రాదమ్మా, ఇప్పటికీ రాదు. అయినా అంతమంది స్వారీ నా నోట్లోనే ఉండేది. బావ వైభవం తిరిగొచ్చిందని అక్క కూడా కుదుటపడింది.

అంతా ఆ ప్రశ్నల పాప చెడగొట్టింది. ఒకరోజు పాఠం మధ్యలో పిడుగు మెడ నిమురుతూ, "మేష్టారూ, నేనేం చెయ్యలేదు కదా, ఇది ఎందుకు నడిచింది?" అంది. పిల్లలు నవ్వారు. మా బావ నవ్వలేదు. పిల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నా వైపు తిరిగి వేలు పెదవుల మీద పెట్టి, పాపకేసి నడిపించమని సైగ చేశాడు. పాప కాళ్ళు నొక్కింది, పగ్గాలు కదిపింది. పిడుగు చెవి మా బావ వైపే, అడుగు కూడా వెయ్యలేదు. తర్వాత ఇంకొకళ్ళు. ఇంకొకళ్ళు. ఒక్కొక్క గుర్రం దగ్గరికీ వెళ్ళి చూశాడు. అన్నీ అంతే. ఆఖరికి కంచె పట్టుకుని ఇసుక వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం నా కొట్టుకొచ్చాడు, వెనక మీ నానమ్మ. వస్తూనే అరచెయ్యి తీసి నా నోరు మూసేశాడు. "ఇంక వద్దంటున్నారు" అంది అక్క. ఆయన సైగలు అప్పటికి ఆవిడకే అర్థమయ్యేవి. "ఏం బావా, పిచ్చా? ఆ చూపించే రోజు దగ్గరికొస్తోంది, పాఠాలు పోతాయి" అన్నా. ఏం చేశాడో తెలుసా? నేను మిషను దగ్గర కూర్చుని ఉన్నా. నా కాళ్ళు పక్కకి నెట్టేసి, తను స్టూలు లాక్కుని కూర్చుని, పెడలు మీద తన కాలు పెట్టాడు. బట్ట నన్ను పట్టుకోమన్నాడు. తొక్కడం మొదలెట్టాడమ్మా! నేను తిప్పాలనుకున్నప్పుడు పరిగెత్తిస్తాడు, లాగాలనుకున్నప్పుడు ఆపేస్తాడు. మంచి చొక్కా కాలరు వంకర్లు పోయింది. "ఓరి నీ... ఎవరిదో చొక్కా అది!" అని అరిచా. అప్పుడు ఆపి, ఆ వంకర కుట్టు వేలితో చూపించి, నా గుండె మీద పొడిచి, కనుబొమ్మలెగరేశాడు. ఎవరు కుట్టారు దీన్ని అని. అక్క "మీరే కదండీ తొక్కింది" అంది. ఆయన తలూపాడు. అప్పుడు తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, గాల్లో గుర్రాల్ని చూపించి, మళ్ళీ తలూపాడు. నాకు వెలిగింది. అన్నాళ్ళూ అందరి గుర్రాలూ మధ్యలో నిలబడి ఈయనొక్కడే తొక్కాడన్నమాట. పైన కూర్చున్నవాళ్ళు ఉత్త గుడ్డ పట్టుకున్నవాళ్ళు. ఆయనకా సంగతి అప్పుడే తెలిసింది. ఎంత చిన్నబోయాడో ఆ మొహం నేను చూశా, ఏడిపించడానికి నోరు రాలేదు.

అక్కణ్ణుంచి గుర్రాల చేత తన గొంతు మరిపించడం మొదలెట్టాడు. నేర్పడం తేలికమ్మా, నేర్చింది మరిపించడం ఉందే, ఒళ్ళు హూనం. పొద్దున్నే ఒక్కొక్క గుర్రం ఎక్కి, నోరు మూసుకుని, కాలితో మెత్తగా నొక్కి, ఆ పక్క ఈ పక్క చూసుకుంటూ కూర్చునేవాడు. అది విసిగిపోయి ఒక్క అడుగు వేస్తే చాలు, టక్కున కాలు వదిలేసి మెడ నిమిరేవాడు. తర్వాత శిష్యులు. రికాబులో పాదం పెట్టించి, పిక్క మీద తన అరచెయ్యి వేసి, ఇంతే నొక్కాలి, కదలగానే వదలాలి అని చేత్తోనే చెప్పేవాడు. చాలామంది మానేశారు. "డ్రైవరు లేని బస్సులో కూర్చోబెడుతున్నాడు" అని ఒకావిడ కొడుకుని తీసుకుపోయింది. మేనేజరుగారు మాత్రం "ఇది కదిలేదాకా నేను దిగను" అని భీష్మించుకుని కూర్చున్నాడు. దొరసాని కూడా అదే అనుకున్నట్టుంది. ఇద్దరూ ఎండలో అలా... మీ నానమ్మ వెళ్ళి ఆయనకి మంచినీళ్ళు పైకి అందించి వచ్చేది. ఇంటికొచ్చాక ఈయన అన్నం ముందు కూర్చుని అలాగే నిద్రపోయేవాడు. నేను రోజూ అడిగేవాణ్ణి, "బావా, ఒక్క చిన్న 'నడవ్' అనెయ్యనా, ఎవరికీ తెలీదు" అని. చెంబు ఎత్తేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. బెంచీల నిండా తల్లులూ తండ్రులూ. అమ్మగారు ముందు కుర్చీలో. నేనూ అక్కా చివర్న. అక్క నా ముంజేయి పట్టుకుని కూర్చుంది, ప్రేమతో కాదు, నేను అరుస్తానేమోనని. మిగిలిన శిష్యులు కొందరే, వాళ్ళ గుర్రాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. మా బావ మధ్యలోకి నడిచాడు. ఏం చేశాడో చూడు, రెండు చేతులూ వెనక్కి కట్టేసుకున్నాడు. సైగ కూడా లేదు. గుర్రాల చెవులు మామూలుగా ఆయన వైపు తిరిగాయి. ఒక్కటీ కదల్లేదు. బెంచీ మీద ఎవరో గుసగుసలాడారు. నా గొంతులో ఆ మాట వచ్చి కూర్చుంది, అక్క గోళ్ళు నా చేతిలో దిగాయి. అమ్మగారు అటూ ఇటూ చూస్తోంది. ఇక అయిపోయింది, ఈయన్ని దాణా కలపడానికి పంపేస్తారు అనుకున్నా. అప్పుడు పిడుగు చెవి ఒకటి, ఒక్కటే, మా బావని వదిలేసి వెనక్కి తిరిగింది. పాప వైపు. పాప పెదవి కొరుక్కుంటూ కాలు నొక్కుతోంది. పిడుగు అడుగు వేసింది. అన్నిటికంటే ముందు బయల్దేరడం దాని జన్మలో అదే మొదటిసారి! దాని వెనక ఇంకోటి, ఇంకోటి. పెద్ద గొప్పగా ఏం లేదులే, ఒకటి ముందు ఒకటి వెనక, తాగినవాళ్ళ ఊరేగింపులా ఉంది. బరి చివర అందరూ కుడికి తిరగాలి. మేనేజరుగారు కంగారులో ఎడమ కాలు నొక్కాలో కుడి కాలు నొక్కాలో మర్చిపోయి తప్పుది నొక్కాడు. దొరసాని తలెత్తుకుని, అందర్నీ వదిలేసి, ఎడమవైపుకి రాజ్యం ఏలడానికి పోతున్నట్టు పోయింది. బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. నేను తల పట్టుకున్నా. మా బావ ఏం చేస్తున్నాడో తెలుసా? చప్పట్లు. ఎగిరి ఎగిరి చప్పట్లు. అమ్మగారు లేచి, "మేష్టారూ, అది తప్పు కదా?" అంది. ఈయన ఎడమకి చూపించాడు, మేనేజరుగారి కాలు చూపించాడు, మళ్ళీ ఎడమకి చూపించాడు. ఆయన అడిగింది ఎడమే, అది పోయింది ఎడమే! ఆవిడ ఒప్పుకుంది. పాఠాలు ఆయనకే ఉంచేసింది. మేనేజరుగారికైతే తను తప్పు చేశానని ఎవరూ చెప్పనేలేదు, చాలాకాలం ఆ చప్పట్ల గురించే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు చెప్పాడమ్మా, నోట్లో మాట లేకుండానే. నా కొట్టుకొచ్చే ప్యాంట్లకి మోకాలి లోపలివైపు అతుకులెయ్యలేక నా నడుం పడిపోయింది. మళ్ళీ వరసగా శిష్యులు, వాళ్ళ పిల్లలు. ఆ పాప పెద్దదై ఆయన పక్కనే నిలబడి చిన్నపిల్లలకి నేర్పేది, ప్రశ్నలు మాత్రం తగ్గలేదు. ఒకరోజు మధ్యాహ్నం పడుకున్నాడు, లేవలేదు. మంచి చావేలే. ఇంట్లో తోచడం లేదని మీ నానమ్మ లాయంలో దాణా కలపడానికి వెళ్ళడం మొదలెట్టింది. వద్దన్నా వినేది కాదు.

కొన్నాళ్ళకి నేనూ ఏదో ప్యాంటు ఇవ్వడానికి వెళ్ళా. పాఠం జరుగుతోంది. దొరసాని ముసలిదైపోయింది, పిడుగు సరే సరి, మీద పిల్లలున్నారు, తిరుగుతున్నాయి. మధ్యలో ఆయన నిలబడే చోట ఆ ప్రశ్నల పాప. ఏమనిపించిందో మరి. వీటికైనా గుర్తుందేమో చూద్దామనిపించింది. కంచె పట్టుకుని, పొట్ట నిండా గాలి పీల్చి, ఆయన గొంతుతో, ఆ మాట అన్నా. "ఆ...గ్!" అని. దొరసాని చెవి కూడా కదపలేదు. పిడుగు, ఆగడానికి సాకు దొరికితే చాలనుకునే పిడుగు, అది కూడా నడుస్తూనే ఉంది. చెవులన్నీ పైనున్న పిల్లల వైపే. ఇంకోసారి అన్నా, ఇంకా గట్టిగా. ఊహూ. ఎంత బాగా మరిపించాడో చూడు! గొప్పే కదా మరి, ఆయన అంత కష్టపడింది దానికే కదా. నవ్వుకుంటూనే వెనక్కి తిరిగా.

కొట్టం దగ్గర మీ నానమ్మ. చేతిలో దాణా బకెట్. నడుస్తున్నదల్లా, ఒక కాలు ముందుకి వేసి, అక్కడే...

ఆగింది మా అక్క ఒక్కతే.

ఆ కిటికీ తలుపు వెయ్యమ్మా, దుమ్మొస్తోంది.